గర్భిణులు తరచుగా అడిగే ప్రశ్నలు: కాన్పులో మీ సమ్మతి, మీ ఎంపిక

నేను డాక్టర్ని కాను. రెండు కాన్పులు దాటినదాన్ని. ఆ తర్వాత కాన్పుకు వెళ్లే చాలామంది పక్కన కూర్చున్నాను. ఎవరితో మాట్లాడినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి, అందుకే రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఉమ్మనీరు పోవడం, ఫిట్స్, ఊపిరాడకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఈ పేజీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

## అన్నిటికంటే ముందు

సంతకం పెట్టాను కదా, ఇక సమ్మతి ఇచ్చినట్టే కదా?

కాదు. కాగితం మీద సంతకం సమ్మతికి గుర్తు మాత్రమే. ఏం చేస్తారో, ఎందుకో, లాభమేంటో, ప్రమాదమేంటో, ఇంకో దారి ఉందో, ఏమీ చేయకపోతే ఏమవుతుందో మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ తర్వాత మీరు ఒత్తిడి లేకుండా ఒప్పుకుంటే అది సమ్మతి. చేరేటప్పుడు పెట్టిన సంతకం ఆ తర్వాత జరిగే ప్రతి పనికీ ముందస్తు అనుమతి కాదు. ఒప్పుకున్నదాన్ని మధ్యలో వెనక్కి తీసుకోవచ్చు కూడా.

డాక్టర్ గారిని ఇన్ని ప్రశ్నలు అడిగితే కోప్పడతారేమో?

కొందరు విసుక్కుంటారు, నిజమే. కానీ అడగడం అమర్యాద కాదు. మాట ఎలా మొదలుపెడతామన్నదే ముఖ్యం. "మీరెందుకు ఇలా చేస్తున్నారు?" అంటే నిలదీసినట్టు ఉంటుంది. "నాకు అర్థం కావాలి, ఇంకోసారి చెప్తారా?" అంటే చాలామంది చెప్తారు. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఎందుకంటే ఆ గదిలోకి అడుగుపెట్టగానే సగం మరిచిపోతాం. అయిదు ప్రశ్నలు దాదాపు ప్రతిదానికీ పనికొస్తాయి: దీనివల్ల నాకూ బిడ్డకూ లాభమేంటి? నష్టమేంటి? వేరే మార్గాలేంటి? ఆగితే ఏమవుతుంది? ఇప్పుడే నిర్ణయించాలా, ఒక గంట ఆలోచించుకోవచ్చా?

నాకు అడగగా అడగగా తెలిసిందేమిటంటే, ఆ చివరి ప్రశ్నే అన్నిటికంటే విలువైనది. "ఎమర్జెన్సీ" అన్న మాట వినగానే మన నోరు మూతబడుతుంది. నిజమైన ఎమర్జెన్సీలో డాక్టర్ ఒక్క క్షణం ఆలోచించకుండా "ఇప్పుడే" అంటారు. అది కాని చోట చాలాసార్లు పది నిమిషాలో గంటో దొరుకుతుంది.

డాక్టర్ ఎంతవరకు చెప్పాలి? చిన్న చిన్న రిస్కులన్నీ చెప్తే భయపడిపోతాం కదా?

ఈ వాదన మీద బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. నాడీన్ మోంట్‌గోమరీకి డయాబెటిస్ ఉంది, మనిషి పొట్టి. అలాంటి కాన్పులో తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే అవకాశం నూటికి తొమ్మిది, పది. డాక్టర్ ఆ సంగతి చెప్పలేదు. చెప్తే ఆమె సిజేరియన్ అడుగుతుందని అనుకున్నారు. 1999లో కాన్పు సమయంలో బిడ్డ భుజాలు నిజంగానే ఇరుక్కున్నాయి. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిని, బాబుకు కదలికలు అదుపులో లేని సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. డాక్టర్లు మామూలుగా చెప్తారా లేదా అన్నది కాదు, ఆ స్త్రీ స్థానంలో ఉన్న మనిషికి ఏ సంగతి ముఖ్యమనిపిస్తుందో అది చెప్పాల్సిందేనని కోర్టు తేల్చింది. భయపడుతుందేమోనని దాచిపెట్టడం ఆమె బదులు మరొకరు నిర్ణయం తీసుకోవడమే.

నా బదులు భర్తో అత్తగారో సంతకం పెట్టొచ్చా?

మీరు స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగితే నిర్ణయం మీదే. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడం మంచిదే. కానీ వాళ్ల "సరే" మీ "సరే"కి బదులు కాదు. స్పృహ లేని స్థితిలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టర్లు మీ మేలు చూసి చికిత్స చేస్తారు. మైనర్ల విషయంలో చట్టం దేశాన్ని బట్టి మారుతుంది.

## నెలలు గడుస్తుండగా: పరీక్షలు, స్కాన్లు

అన్ని పరీక్షలూ చేయించుకోవాల్సిందేనా?

ఒకే బుట్టలో వేయకండి. రక్తహీనత, బీపీ, బ్లడ్ గ్రూప్, షుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షల్లో ఏదైనా తేడా కనిపిస్తే చేయడానికి స్పష్టమైన చికిత్స ఉంది. వాటిని వదులుకోవద్దనే నా అభిప్రాయం. మీది నెగెటివ్ గ్రూప్ అయితే 28 వారాల దగ్గర ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ (మీ శరీరం పాజిటివ్ గ్రూప్ బిడ్డ రక్తం మీద దాడి చేయకుండా ఆపేది) గురించి తప్పక అడగండి. జన్యు సమస్యల పరీక్షలు వేరే కోవకు చెందినవి. వాటి ఫలితం తెలిసి మీరేం చేస్తారన్నది మీ విలువల మీద ఆధారపడుతుంది. తెలుసుకోవాలనుకోవడమూ ఎంపికే, వద్దనుకోవడమూ ఎంపికే.

డౌన్ సిండ్రోమ్ పరీక్షలో "1:200, హైరిస్క్" అని వచ్చింది. బిడ్డకు జబ్బు ఉన్నట్టేనా?

కాదు. మీలాంటి ఫలితం వచ్చిన 200 మందిలో ఒకరి బిడ్డకు సమస్య ఉంటుంది, 199 మంది బిడ్డలకు ఉండదు. ఇది జల్లెడ పట్టే పరీక్ష. ఉందో లేదో తేల్చదు, ఎవరిని ఇంకా లోతుగా చూడాలో మాత్రమే చెప్తుంది. దీనికి 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య స్కాన్, రక్తపరీక్ష కలిపి చేస్తారు. పదో వారం దాటాక తల్లి రక్తంలోని డీఎన్‌ఏతో చేసే ఎన్‌ఐపీటీ మరింత కచ్చితమైనది, అయినా అదీ జల్లెడే.

కచ్చితంగా తేల్చేది ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష. దాన్ని 15 వారాల తర్వాత చేస్తారు. అనుభవం ఉన్న చేతుల్లో గర్భస్రావం అయ్యే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. మొదటి పరీక్షకు ఒప్పుకునే ముందే "హైరిస్క్ అని వస్తే తర్వాతి మెట్టు ఎక్కుతానా?" అని మిమ్మల్ని మీరు అడిగి చూడండి. ఆ ఒక్క రిపోర్టు చూసి వారాల తరబడి నిద్రపోనివాళ్లను చూశాను. అంకె అర్థమేంటో ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

"రిస్క్ రెట్టింపు" అన్నారు. చాలా భయమేస్తోంది.

ఎంత నుంచి ఎంతకు రెట్టింపు అయిందని అడగండి. వెయ్యిలో ఒకటి ఉన్నది వెయ్యిలో రెండైనా రెట్టింపే, నూటికి పది ఉన్నది ఇరవై అయినా రెట్టింపే. మొదటిదానిలో 998 మందికి ఏమీ కాదు. "నాలాంటి వెయ్యి మందిలో ఎంతమందికి?" అని అడిగితే చాలావరకు స్పష్టమైన జవాబే వస్తుంది.

బిడ్డ చాలా పెద్దగా ఉందని స్కాన్‌లో చెప్పారు. సిజేరియన్ తప్పదా?

చివరి నెలల స్కాన్‌లో బరువు అంచనా మాత్రమే, 10 నుంచి 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 4 కిలోలన్నది 3.4 అయినా కావచ్చు, 4.6 అయినా కావచ్చు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం, డయాబెటిస్ లేనివాళ్లకు అంచనా 5 కిలోలు దాటితే, ఉన్నవాళ్లకు 4.5 కిలోలు దాటితే ముందస్తు సిజేరియన్ గురించి మాట్లాడాలి. డయాబెటిస్ ఉన్నా, గత కాన్పులో భుజాలు ఇరుక్కున్నా లెక్క మారుతుంది, అవి డాక్టర్‌కు గుర్తుచేయండి.

## చివరి నెలల్లో

డ్యూడేట్ దాటిపోయింది. ఆలస్యమైనట్టేనా?

సరిగ్గా డ్యూడేట్ నాడు పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురే. 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడు పుట్టినా నెలలు నిండినట్టే లెక్క, కాకపోతే 39 వారాలు నిండాక పుట్టినవాళ్లకు ఊపిరితిత్తుల ఇబ్బందులు తక్కువ. 41 వారాలు దాటాక మాత్రం కడుపులోనే బిడ్డ చనిపోయే ప్రమాదం కొద్దికొద్దిగా పెరుగుతుంది. మొత్తం మీద అది చిన్నదే అయినా, అప్పుడు నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. వద్దనుకుంటే బిడ్డ గుండె, ఉమ్మనీరు ఎన్నాళ్లకొకసారి చూస్తారో డాక్టర్‌తో మాట్లాడుకోండి.

నొప్పులు తెప్పిస్తే చివరికి సిజేరియనే అవుతుందట కదా?

చాలాకాలం అలాగే అనుకున్నారు. 2018లో వచ్చిన అరైవ్ అనే అమెరికా అధ్యయనంలో ఆరువేల మందికి పైగా, ఇబ్బందులేవీ లేని తొలిచూలు గర్భిణులను తీసుకున్నారు. 39వ వారంలో నొప్పులు తెప్పించినవాళ్లలో నూటికి 18.6 మందికి, ఆగి చూసినవాళ్లలో 22.2 మందికి సిజేరియన్ అయింది. అంటే పెరగలేదు, కొంచెం తగ్గింది. అందుకని అందరూ 39 వారాలకే వెళ్లిపోవాలని కాదు. గర్భసంచి ముఖద్వారం మెత్తబడకుండా మొదలుపెడితే రోజు, రెండు రోజులు పట్టొచ్చు. మందుతో వచ్చే నొప్పులు ఒకదాని వెనక ఒకటి బలంగా వస్తాయి, బిడ్డ గుండెకు నిఘా పెరుగుతుంది, కదలడం తగ్గుతుంది. జెల్లా, బెలూనా, ఉమ్మనీటి సంచి పగలగొట్టడమా, సెలైన్‌లో నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందా? ఏది వాడతారో, ఫలించకపోతే ఏం చేస్తారో ముందే అడగండి.

పరీక్ష చేస్తూ "కొంచెం కదిలించాను" అన్నారు. ముందు అడగలేదు. ఇది సరైనదేనా?

దాన్ని మెంబ్రేన్ స్వీప్ అంటారు. ముఖద్వారం చుట్టూ వేలితో పొరను విడదీసి నొప్పులు మొదలయ్యేలా ప్రేరేపించడం అది. పనికొచ్చేదే, ఆ తర్వాత కొంచెం రక్తం మరకలు, నొప్పి మామూలే. కానీ అది పరీక్ష కాదు, చికిత్స. మీరు లోపల చూడటానికి ఒప్పుకున్నంత మాత్రాన స్వీప్‌కు ఒప్పుకున్నట్టు కాదు. పరీక్షకు ముందే "ఈ రోజు చూడటం వరకే, ఇంకేదైనా చేయాలంటే ముందు చెప్పండి" అనండి. నా మొదటి కాన్పులో ఈ మాట నాకు తెలియదు, ఇంటికొచ్చాక మరకలు చూసి హడలిపోయాను.

బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. ఇక ఆపరేషనే కదా?

చాలాచోట్ల చివరికి ఆపరేషనే జరుగుతుంది, కానీ ముందు ఇంకో మెట్టు ఉంది. 36, 37 వారాల దగ్గర పొట్ట మీద చేతులతో నొక్కుతూ బిడ్డను తిప్పే ప్రయత్నం చేయొచ్చు. దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. చేసే అనుభవం ఉన్న డాక్టర్, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసే వసతి ఉన్నచోటే చేయించుకోవాలి. తిరగకపోతే ఎదురుకాళ్లతో నార్మల్ కాన్పు చేసే నైపుణ్యం ఎవరికుందో అడగండి. లేకుంటే సిజేరియనే సురక్షితం.

మొదటిది సిజేరియన్. రెండోది నార్మల్ అవుతుందా?

కింది భాగంలో అడ్డంగా ఒకే కోత ఉండి, వేరే అడ్డంకి లేకపోతే ప్రయత్నించవచ్చు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్కల ప్రకారం ప్రయత్నించిన నలుగురిలో దాదాపు ముగ్గురికి నార్మల్ అవుతుంది. ప్రధానమైన భయం పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లడం. వాటంతట అవే నొప్పులు వస్తే అది 200 మందిలో ఒకరికి జరుగుతుంది, మందులతో తెప్పిస్తే రెండు మూడు రెట్లు పెరుగుతుంది. మళ్లీ సిజేరియన్ చేయించుకుంటే ఆ భయం బాగా తగ్గుతుంది. కానీ ప్రతి సిజేరియన్‌తో తర్వాతి గర్భంలో మాయ పాత కోతలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ లెక్క ముఖ్యం. పాత ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి, కోత ఏ దిశలో ఉందో వాటిలోనే ఉంటుంది.

బర్త్ ప్లాన్ రాస్తే నవ్వుతారా?

నాలుగు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. ఒక్క పేజీ చాలు: పక్కన ఎవరుండాలి, నొప్పికి ఏం కావాలి, ఏది చేసే ముందు నన్ను అడగాలి, సిజేరియన్ అయితే ఏం కావాలి. చివర "పరిస్థితి మారితే నాతో మాట్లాడి మార్చండి" అని రాయండి. అది ఒప్పందం కాదు, నొప్పుల్లో మీరు మాట్లాడలేనప్పుడు మీ తరఫున మాట్లాడే కాగితం. ఎనిమిదో నెలలోనే డాక్టర్‌కు చూపించి, ఏది కుదరదో అప్పుడే తెలుసుకోండి.

## నొప్పులు మొదలయ్యాక

నా పక్కన ఒక మనిషిని ఉండనివ్వాలని అడగొచ్చా?

అడగాలి. మీకు నచ్చిన తోడు కాన్పు అంతా పక్కనుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. ఎవరో ఒకరు అలా ఆసాంతం తోడున్నప్పుడు సిజేరియన్లు తగ్గుతాయని, కాన్పు త్వరగా అవుతుందని, తర్వాత ఆ అనుభవం చేదుగా మిగిలిపోవడం తగ్గుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. ఖర్చు లేని వైద్యం ఇంకేముంది? ఆ మనిషికి మీ ఇష్టాయిష్టాలు ముందే చెప్పి ఉంచండి.

గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవడం లేదని అంటున్నారు. నాలో లోపమా?

లోపం కాదు. అది పాత కొలమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం నొప్పుల చురుకైన దశ 5 సెంటీమీటర్ల దగ్గరే మొదలవుతుంది, గంటకు ఒక సెంటీమీటర్ అన్న వేగం అందరికీ వర్తించదు. తల్లీబిడ్డా బాగుంటే వేగం ఒక్కటే కారణంగా మందుతో తొందరపెట్టనక్కరలేదు. లోపల చూడటం కూడా నాలుగు గంటలకొకసారి సరిపోతుంది. అంతకంటే తరచుగా చూస్తుంటే ఎందుకో అడగొచ్చు, ఈసారి వద్దనీ చెప్పొచ్చు.

ఎపిడ్యూరల్ అడిగితే బలహీనురాలిననుకుంటారా? బిడ్డకు నష్టమా?

నొప్పి భరించినందుకు పతకాలేమీ ఇవ్వరు. వెన్నులో ఇచ్చే ఈ మందు నొప్పి తగ్గించడంలో అన్నిటికంటే బలమైనది. దానివల్ల సిజేరియన్లు పెరగవు. బిడ్డను బయటికి నెట్టే దశ కొంచెం సాగొచ్చు, కాళ్లు బరువెక్కొచ్చు, బీపీ పడిపోవచ్చు, జ్వరం రావచ్చు. వందలో ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. వద్దనుకున్నవాళ్లకు గోరువెచ్చని నీళ్లు, నడక, మర్దన, ఊపిరి మీద ధ్యాస ఉన్నాయి. కొంతమంది ముందు వద్దని, ఆరో సెంటీమీటర్ దగ్గర కావాలంటారు. మాట మార్చడం పూర్తిగా మీ హక్కు.

ఎప్పుడూ వెల్లకిలా పడుకోవాల్సిందేనా? నీళ్లు కూడా తాగనివ్వరా?

ఇబ్బందులు లేని కాన్పులో నడవడం, కూర్చోవడం, పక్కకు తిరగడం అన్నీ మంచివే, తేలికగా తినడం, తాగడం కూడా. పొత్తికడుపు కింద షేవింగ్, ఎనిమా అందరికీ చేయడం అనవసరం.

బిడ్డ గుండె చప్పుడు చూసే మెషిన్ బెల్టు కట్టే ఉంచుతామన్నారు. అవసరమా?

బీపీ, రక్తస్రావం, ఆక్సిటోసిన్ డ్రిప్, ఎపిడ్యూరల్, బిడ్డ చిన్నగా ఉండటం లాంటివి ఉంటే అవసరం. ఏవీ లేకుంటే 15 నుంచి 30 నిమిషాలకొకసారి గుండె చప్పుడు వింటే చాలు, నెట్టే దశలో 5 నిమిషాలకొకసారి వినాలి. ఎడతెగని మెషిన్ వల్ల బిడ్డకు ఫిట్స్ తగ్గుతాయి కానీ మరణాలు తగ్గినట్టు కనబడలేదు, సిజేరియన్లు మాత్రం పెరుగుతాయి.

కింద కోత పెట్టకుండా కాన్పు కాదా?

అవుతుంది. అందరికీ అలవాటుగా కోత పెట్టడం వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. బిడ్డ గుండె పడిపోయి వెంటనే తీయాల్సి వస్తేనో, బిడ్డ తలను పట్టి తీసే ఫోర్సెప్స్ వాడాల్సి వస్తేనో అవసరం రావచ్చు. అప్పుడు కూడా చెప్పి, మత్తిచ్చి చేయాలి. పొట్ట మీద పైనుంచి బలంగా నొక్కి బిడ్డను నెట్టడం కూడా సిఫారసు లేని పద్ధతే. ఎవరైనా మొదలుపెడితే "ఆపండి" అని గట్టిగా అనండి.

మెడికల్ స్టూడెంట్లు చుట్టూ నిలబడ్డారు. వద్దనొచ్చా?

అనొచ్చు, దానివల్ల మీ చికిత్స తగ్గకూడదు. 1999లో రష్యాలో ఒక మహిళ కాన్పును ఆమె స్పష్టమైన సమ్మతి లేకుండా విద్యార్థులు చూశారు. అది ఆమె వ్యక్తిగత జీవిత హక్కును ఉల్లంఘించడమేనని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2014లో చెప్పింది.

## సిజేరియన్

ఆపరేషన్ చేస్తామంటున్నారు. ఏం అడగాలి?

కారణం ఒక్క వాక్యంలో అడగండి. "బిడ్డ అలసిపోయింది" అంటే గుండె వేగం ఎంత, ఎంతసేపటి నుంచి అని అడగండి. ఎంత సమయం ఉందని అడగండి. వెన్ను మత్తా, పూర్తి మత్తా, తోడు ఉండొచ్చా, పుట్టగానే బిడ్డను నా గుండె మీద పెడతారా అన్నవి కూడా. మాయ ముఖద్వారానికి అడ్డుగా ఉండటం, బొడ్డుతాడు ముందుగా జారడం లాంటి చోట్ల సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, అక్కడ వాదనలకు తావు లేదు.

వైద్య కారణం లేకుండా నేనే సిజేరియన్ కావాలంటే?

అడగొచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ ప్రకారం లాభనష్టాలు వివరించాక కూడా స్త్రీ అదే కోరితే ఒప్పుకోవాలి. కాన్పంటే భయం, పాత చేదు అనుభవం కూడా కారణాలే. ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, కోలుకోవడానికి ఎక్కువ సమయం, తర్వాతి గర్భాల్లో మాయ సమస్యలు ఒకవైపు. కింద చీరుకోవడం, మూత్రం ఆపుకోలేని ఇబ్బంది తగ్గడం మరోవైపు. తేదీ 39 వారాలు నిండాక పెట్టుకోవడం బిడ్డకు మంచిది.

నేను వద్దన్నా బలవంతంగా ఆపరేషన్ చేయొచ్చా?

స్పృహలో ఉండి అర్థం చేసుకోగల మనిషి మీద బలవంతం చేయకూడదన్నదే వైద్యనీతి. చట్టం మాత్రం ప్రతి దేశంలో ఒకేలా లేదు. 1987లో వాషింగ్టన్‌లో క్యాన్సర్‌తో చావుబతుకుల్లో ఉన్న ఏంజెలా కార్డర్‌కు 26 వారాల గర్భం. కోర్టు ఆదేశంతో సిజేరియన్ చేశారు. బిడ్డ రెండు గంటలు బతికింది, ఆమె రెండు రోజులకు చనిపోయింది. 1990లో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. వద్దనే ముందు ఒకటి చేయండి: వద్దంటే జరగగల చెడు ఏమిటో డాక్టర్ చెప్పగా విని, మీ మాటల్లో తిరిగి చెప్పండి. అప్పుడు అది మొండితనం కాదు, నిర్ణయం అని రెండు వైపులా తెలుస్తుంది.

## బిడ్డ పుట్టాక

బొడ్డుతాడు వెంటనే కోయొద్దని చెప్పొచ్చా?

చెప్పండి. ఒక నిమిషం లోపు బిగించొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మూడు నిమిషాల దాకా ఆగొచ్చు. బిడ్డకు ఐరన్ నిల్వలు పెరుగుతాయి. బిడ్డకు వెంటనే ఊపిరి అందించాల్సి వస్తే మినహాయింపు.

బిడ్డ రాగానే నాకు ఇంజెక్షన్, బిడ్డకు ఇంకో ఇంజెక్షన్. ఇవి కావాలా?

మీకు ఇచ్చేది ఆక్సిటోసిన్, 10 యూనిట్లు. అది భారీ రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. బిడ్డకు ఇచ్చేది విటమిన్ కె. పుట్టినప్పుడు బిడ్డల్లో అది తక్కువగా ఉంటుంది, లేకుంటే అరుదుగా మెదడులో రక్తస్రావం రావచ్చు. ఎంపిక మీదే అయినా, వద్దనడానికి నాకైతే కారణం కనబడదు.

కాన్పు నొప్పుల్లో ఉండగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితం ముందు పెట్టారు.

అప్పుడు సంతకం పెట్టకండి. నొప్పుల్లో ఉన్న స్త్రీని శాశ్వత ఆపరేషన్‌కు సమ్మతి అడగకూడదని అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య స్పష్టంగా చెప్పింది. కావాలనుకుంటే గర్భంతో ఉండగానే, నెమ్మదిగా మాట్లాడి తేల్చుకోవాలి. కాన్పు తర్వాత వెంటనే లూప్ వేయడానికి కూడా ఇదే వర్తిస్తుంది.

జరిగింది మనసులో నుంచి పోవడం లేదు. ఎవరితో చెప్పుకోవాలి?

ముందు మీ రికార్డుల కాపీ రాతపూర్వకంగా అడగండి. ఏ గంటకు ఏం జరిగిందో చూస్తే చాలామందికి సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. తర్వాత కాన్పు చేసినవారితో కూర్చుని మాట్లాడే సమయం అడగండి. తృప్తి కలగకపోతే ఆసుపత్రి ఫిర్యాదు విభాగానికి, ఆపై వైద్య మండలికి తేదీలతో సహా రాయండి. పీడకలలు, ఆ గది తలుచుకుంటే గుండె దడ, బిడ్డను చూస్తే ఏ భావమూ కలగకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. "బిడ్డ బాగుంది కదా, ఇంకేం?" అని ఎవరైనా అంటే వాళ్లతో వాదన పెట్టుకోకండి, ఆ ఓపిక మీ కోసం దాచుకోండి.